కోసిన చేలో ఆవు

మా వైపు ఒక పద్ధతి ఉంది. వరి కోసి, గింజలు ఇంటికి చేర్చి ఒబ్బిడి చేసుకున్నాక ఆ మడి ఎవరిదైనా సరే, ఊళ్ళో పశువులన్నీ మేయొచ్చు. అడ్డుచెప్పినవాణ్ణి పిసినారి అంటారు. తోటపల్లి గూడూరు పక్కన మా ఆయన పశువుల మేతకని లూసర్న్ గడ్డి వేసినప్పుడు కూడా మా అత్త లెక్క అదే. ఎండబెట్టి దాచుకోవడానికి గడ్డి కోసేశాం కాబట్టి ఇక ఆ చేను పశువులది. కోసిన మొదళ్ళ నుంచి వచ్చే లేత చిగురు ఖాళీ కడుపుతో మేస్తే ఆవు ఉబ్బిపోతుందని ఆమెకే కాదు, నాకూ తెలియదు.

ఆ ఉదయం మంచు ఇంకా ఆరకముందే అత్త తన ఆవును అందులోకి తోలింది. తల్లి చచ్చిపోతే సీసాతో పాలుపట్టి పెంచిన ఆవు అది. ఆమె తప్ప ఇంకెవరు పొదుగు ముట్టుకున్నా తన్నేది. నేనూ తన్నులు తిన్నాను, ఆశ వదులుకున్నాను. దాన్ని ఎవరైనా కర్రతో అదిలిస్తే చాలు, అత్త ఆ పూటంతా వాళ్ళతో మాట్లాడేది కాదు.

టీ పెట్టి ఆమెను పిలవడానికి వెళ్ళేసరికి ఆవు చేలో కూలబడి ఉంది. ఎడమ డొక్క వెన్ను కంటే ఎత్తుకు లేచింది. నాలుక బయటికి వచ్చేసింది. ఇప్పుడే కదా నడిచి వెళ్ళింది, ఇంతలో ఏమైందో నా బుర్రకెక్కలేదు. మా ఆయన ఊళ్ళో లేడు. పశువుల డాక్టరుకు ఫోన్ చేస్తే ఆయన కావలి దగ్గరున్నారట. ఆ లేత చిగురు మేసే కడుపులో గాలి పట్టింది, ఆవు కింద పడిందంటే నేను వచ్చేదాకా బతకదమ్మా అన్నారు. ఎడమ డొక్కలో, చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ నడుమ, బాగా ఉబ్బినచోట కత్తితో పొడవమన్నారు. తప్పుగా విన్నానేమోనని మళ్ళీ అడిగాను. పొడవమనే అన్నారు.

ఫోన్ స్పీకర్లో ఉంది, ఆవు పక్కనే ఉన్న అత్త అంతా వింది. ఇంటికి పరిగెత్తి చేపలు కోసే కత్తి తెచ్చింది. నా చేతికి ఇస్తుందేమోనని భయపడి వెనక్కి జరిగాను.

"నువ్వు తల పట్టుకోమే," అంది. "మేపింది నేను. పొడిచేది కూడా నేనే."

ఒక్కటే పోటు. గాలి బుస్సుమంటూ వచ్చింది. దాంతోపాటు నురగ, నమిలిన గడ్డి మా మొహాల మీద చిమ్మాయి. నేను ఆవు తల పట్టుకునే ఉన్నాను కాబట్టి దాని కళ్ళు నాకు కనిపించాయి. అవి అత్తనే చూస్తున్నాయి. మా అత్త అంత పని చేయగలదని నేను కలలో కూడా అనుకోలేదు.

డాక్టరు వచ్చి గాయం కడిగి కుట్లు వేశారు. ఆవు బతికింది. అది లేచి నిలబడ్డాక అత్త చెంబు పట్టుకుని ఎప్పటిలాగే దగ్గరికి వెళ్ళింది. ఆవు ఒళ్ళంతా వణుకుతూ పలుపు తెంచుకోబోయింది.

ఇప్పుడు పాలు నేనే పిండుతున్నాను. నన్ను తన్నడం లేదు. అత్త కొట్టం గోడకు అవతల నిలబడి పాలధార చప్పుడు వింటుంది. తన గొంతు వినపడితే ఆవు బెదురుతుందని ఏమీ మాట్లాడదు.