అమీర్ జాన్ బేకరీ షట్టర్ లేచిన రోజు

భీమయ్యకు ఎత్తంటే భయం లేదు. కోరుట్ల దగ్గరి పల్లెలో మీసం మొలవకముందే తాళ్ళెక్కి కల్లు గీసినవాడు. గాలికి ఊగే చెట్టు మీద నిలబడి, కింద బాట వెంబడి పోయేవాళ్ళను వరుసలు పెట్టి పిలిచి పరాచికాలాడేవాడు. అలాంటి మనిషి షార్జాకు వచ్చాక, ఇండస్ట్రియల్ ఏరియాలోని షట్టర్ల వర్క్‌షాపులో రెండు నిలువుల నిచ్చెన ఎక్కనని మొండికేశాడు. దానికి కారణం ఎత్తు కాదు, స్ప్రింగు.

చూసేవాళ్ళకు షట్టర్ అంటే ఇనుప పట్టీల తెర. కానీ దాని ప్రాణమంతా పైన, గోడకు అడ్డంగా పెట్టిన పైపు మీద ఉంటుంది. ఆ పైపుకున్న డబ్బాల్లో చుట్టలు చుట్టుకుని స్ప్రింగులుంటాయి. షట్టర్ బరువు మోసేవి అవే. పైపును పానాతో తిప్పి స్ప్రింగులకు బిగువు ఎక్కిస్తారు, ఆపైన పైపు వెనక్కి తిరగకుండా రెండు చివరలా క్లాంపులు బిగిస్తారు. బిగువు కుదిరితే అంత ఇనుమూ ఒంటిచేత్తో లేస్తుంది. కుదరకపోతే ఎందరు పట్టినా కదలదు, లేదా వదిలిన క్షణాన ధబేలున కిందపడుతుంది.

పందొమ్మిది వందల డెబ్బై ఏడులో భీమయ్య షార్జా వచ్చాడు. ఇంటిదగ్గర చంద్రవ్వ బీడీలు చుడుతూ ఇద్దరు పిల్లలను సాకుతోంది. వర్క్‌షాపులో చేరిన కొత్తలోనే అతనికి దెబ్బ తగిలింది. పాత షట్టర్ ఒకటి విప్పుతున్నారు. తొందరలో ఉన్న ఫిట్టర్ ఒకడు "క్లాంపు ఖోలో" అన్నాడు. పైపును ఎవరూ పట్టుకుని లేరు. దాని మీద పానా అలాగే తగిలించి ఉంది. భీమయ్య నట్టు వదులు చేశాడో లేదో, పైపు గిర్రున తిరిగింది. దాంతోపాటు తిరిగిన పానా అతని కుడి మోచేతి కింద ఎముకను విరగ్గొట్టింది.

పెద్ద మేస్త్రీ నూర్ మొహమ్మద్ పెషావర్ మనిషి. ఆ ఫిట్టర్‌ను అందరి ముందూ కడిగేశాడు గానీ భీమయ్యను ఒక్క మాట అనలేదు. కట్టు విప్పాక దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పాడు.

"స్ప్రింగ్ సోయా హువా షేర్ హై, భీమయ్యా. పడుకున్న పులి. దాన్ని ఒకడు పట్టుకోకుండా ఇంకొకడు తాడు విప్పకూడదు."

భీమయ్య తలూపాడు. పులి దగ్గరికి మాత్రం మళ్ళీ పోలేదు. పట్టీలు కోశాడు, అవి జారే పక్క గైడ్లు నిలబెట్టాడు, గోడకు రంధ్రాలు కొట్టాడు. పైపు పని వచ్చేసరికి "నేను కిందనే ఉంట భాయ్" అని నిచ్చెన పట్టుకునేవాడు. కింద నిలబడి మాత్రం నూర్ మొహమ్మద్ చేతులనే చూసేవాడు. పానా ఎటువైపు పెడతాడు, ఒళ్ళు ఎటు జరుపుతాడు, క్లాంపు ఎప్పుడు ముట్టుకుంటాడు. చూసి చూసి అంతా కంటికి వచ్చేసింది. చేతికి మాత్రం ధైర్యం రాలేదు.

ఎనభై ఒకటిలో రంజాన్ ఎండాకాలం నడిమధ్యలో వచ్చింది. ఒక మధ్యాహ్నం పొద్దు వాలాక, అసర్ నమాజు అయిన కాసేపటికి ఒక మనిషి చెప్పులు లేకుండా పరిగెత్తుకొచ్చాడు. వెనక వీధిలో రొట్టెల బేకరీ నడిపే అమీర్ జాన్. చుట్టుపక్కల కూలీల క్యాంపులన్నిటికీ ఉపవాసం విప్పే ఇఫ్తార్ రొట్టె అతని పొయ్యిలోంచే పోతుంది.

"షట్టర్ గిర్ గయా! నా మనుషులు లోపల ఉన్నారు!"

నూర్ మొహమ్మద్ మిగతా ఫిట్టర్లను తీసుకుని పొద్దున్నే దూరాన ఖోర్ ఫక్కాన్‌లో పనికి పోయాడు. వర్క్‌షాపులో మిగిలింది భీమయ్య, వెల్డర్ త్రిమూర్తులు. త్రిమూర్తులుది అమలాపురం వైపు. వెల్డింగులో చెయ్యి తిరిగినవాడు, స్ప్రింగు పని అతనికీ తెలియదు. ఇద్దరూ పిక్-అప్‌లో చేతికందిన సామానంతా వేసుకుని పోయారు.

బేకరీ ముందు గుంపు చేరింది. పాత క్లాంపు బోల్టులు అరిగి తెగాయి, పైపు వెనక్కి తిరిగి స్ప్రింగుల బిగువంతా పోయింది. ఎత్తి ఉన్న షట్టర్ జారి, ఒక పక్క గైడ్‌లోంచి బయటికి తన్నుకొచ్చి, ఏటవాలుగా ఇరుక్కుంది. నేలకూ దానికీ మధ్య జానెడు సందు. లోపల ముగ్గురు రొట్టెలు కాల్చేవాళ్ళు, వాళ్ళ వెనక వేడి పొయ్యి. కాల్చిన రొట్టెలు కూడా లోపలే. ఇంకో తలుపు లేదు. డీజిల్ బర్నర్ ఆపేశారట, అయినా ఆ సందులోంచి వచ్చే సెగకు బయట నిలబడ్డవాళ్ళ పాదాలు కాలుతున్నాయి. ఫైర్ వాళ్ళను పిలుచుకురావడానికి ఒకతను అప్పుడే కారేసుకుని పోయాడు.

ఇంతలో ఎవరో షట్టర్ అంచుకు తాడు కట్టి రెండో కొస ఇంకో పిక్-అప్ వెనక ముడేస్తున్నారు. లోపలి ముగ్గురిలో ఒకడు బోర్లా పడుకుని, సందులోంచి తల బయటపెట్టే ప్రయత్నం చేస్తున్నాడు.

భీమయ్య బండి ఆగకముందే దూకాడు.

"రుకో! గాడీ సే మత్ ఖీంచో! బండితో లాగొద్దు!" అని అరిచి, తాడు ముడి తానే లాగేశాడు. నేల మీద కూర్చుని సందులోకి చూశాడు. "భాయ్, తల లోపలికి తీసుకో. ఇది ఏ నిమిషమైనా జారుతది. నిన్ను నేను తీస్త, జర ఆగు."

అరిచిందైతే అరిచాడు గానీ, తీసేది ఎలాగో అప్పటికింకా ఆలోచించలేదు.

ముందు తనకొచ్చిన పని చేశాడు. షట్టర్ రెండు చివరలా అంచు కింద మందపాటి చెక్క దిమ్మెలు దూర్చాడు. ఇక జారినా దిమ్మెల మీదే ఆగుతుంది. గుంపును వీధి అవతలికి నెట్టించాడు. పైన ముందుకు పొడుచుకొచ్చిన ఇనుప దూలానికి రెండు పక్కలా బరువులెత్తే చైన్ బ్లాకులు తగిలించి, కొక్కేలు అంచుకు వేశాడు. వంకరపోయిన గైడ్ అంచును సుత్తితో సరిచేసి, తన్నుకొచ్చిన పట్టీలను దాంట్లోకి దింపాడు. అప్పుడు తానొక గొలుసు, త్రిమూర్తులొక గొలుసు సమంగా లాగారు. షట్టర్ ఇంకో రెండు వేళ్ళు లేచింది, మనిషి దూరేంత కాదు. కొత్త దిమ్మెలు దూర్చారు. మళ్ళీ లాగితే కదల్లేదు. పైన బిగువు లేని చుట్ట వదులై, పట్టీలు ఒకదాని మీదొకటి పోగుపడి గోడకు తన్నుకున్నాయి.

"అన్నా, ఇంక లాగితే గొలుసైనా తెగుద్ది, షట్టరైనా విరుగుద్ది," అన్నాడు త్రిమూర్తులు.

భీమయ్య పైకి చూశాడు. పైపు తిప్పితే చుట్ట బిగుస్తుంది, చుట్ట బిగిస్తేనే షట్టర్ లేస్తుంది. వేరే దారి లేదు. అతని కుడిచెయ్యి దానంతటదే వెనక్కి పోయి నడుముకు ఆనుకుంది.

అమీర్ జాన్ నీళ్ళ సీసాలు సందులోంచి లోపలికి జరుపుతున్నాడు. "తాగండి, అల్లా మాఫ్ చేస్తాడు" అని బతిమాలుతున్నాడు. లోపలివాళ్ళు నీళ్ళు తలల మీద పోసుకుంటున్నారే గానీ తాగడం లేదు. వాళ్ళలో చిన్నవాడు పష్తోలో ఏదో అన్నాడు. అమీర్ జాన్ ముఖం కప్పుకున్నాడు.

"ఏమన్నడు?" అని అడిగాడు భీమయ్య.

"అజాన్ దాకా ఓర్చుకుంటాడట. బయటికొచ్చి నా చేత్తోనే రోజా విప్పుతాడట."

భీమయ్య నిచ్చెన మీద చెయ్యి వేశాడు.

"త్రిమూర్తులూ, రెండో నిచ్చెన ఆ కొసకు ఎయ్యి. పెద్ద పానాలు రెండూ తే."

"నూర్ భాయ్ లేకుండా ఎలాగన్నా? నాకీ పని బొత్తిగా రాదు. నువ్వు కూడా ఎప్పుడూ..."

"తాటిచెట్టు ఎక్కుడు చూసినవా? కాళ్ళకు ఒక బంధం, నడుముకు ఒక మోకు. కాళ్ళు పట్టినంకనే మోకు పైకి జరుపుత. మోకు బిగిసినంకనే కాళ్ళు ఎత్తుత. రెండూ ఒక్కపారి వదిలినోడు కింద పడ్డడు. ఇదీ అంతే. నేను తిప్పుత, నువ్వు పట్టు. నువ్వు 'పట్టిన' అన్నంకనే నేను వదులుత. నువ్వు 'పట్టిన' అనకుంటే నా పానాను దేవుడొచ్చి అడిగినా వదల."

"ఆయ్, ఇది తెలిసింది," అన్నాడు త్రిమూర్తులు. "ఇలా ముందే చెప్పొచ్చు కదన్నా."

"నాకూ ఇప్పుడే ఎరుకైంది రా."

ఎక్కే ముందు అతన్ని పక్కకు నిలబెట్టి, పానా పిడి తిరిగే దారి గాలిలో చేత్తో గీసి చూపించాడు. "ఆ దారిల తల పెట్టకు, రొమ్ము పెట్టకు. పక్కకుండి పట్టు. చెయ్యి జారితే పానా పోనీ, దాన్ని పట్టుకోబోకు."

ఇద్దరూ చెరో కొసన ఎక్కారు. తెగిన బోల్టులు తీసి, క్లాంపులకు కొత్తవి వదులుగా ఎక్కించారు. భీమయ్య పానా పైపుకు తగిలించాడు. ఇనుము చేతికి తగలగానే పాత దెబ్బ దగ్గర నరం జివ్వుమంది. పళ్ళు బిగించి పిడిని కిందికి లాగాడు. పైపు కదిలింది. డబ్బాలో స్ప్రింగు కిర్రుమని మూలిగింది. భీమయ్య పిడి వదలకుండా అరిచాడు.

"పట్టినవా?"

"పట్టానన్నా!"

పానా తీసి, కొత్త పట్టు పట్టి, మళ్ళీ లాగాడు. మళ్ళీ అడిగాడు. మళ్ళీ జవాబొచ్చింది. బిగువు ఎక్కేకొద్దీ పైపు ఎదురు తన్నడం మొదలుపెట్టింది. చెమటకు చేతులు జారుతుంటే పిడికి గోనెగుడ్డ చుట్టాడు. పైన పోగుపడ్డ పట్టీలు ఒక్కొక్కటే సర్దుకుని చుట్టలోకి జారుకున్నాయి. మధ్యలో దిగి, చైన్ బ్లాకులు లాగి, లేచినంత మేరా కింద పొడుగు దిమ్మెలు నిలబెట్టాడు. బిగువు కుదిరేదాకా దాని కింద దూరవద్దని లోపలివాళ్ళను వారించాడు. దిగే ప్రతిసారీ రెండు క్లాంపులూ బిగించాకే దిగాడు. ఎక్కిన ప్రతిసారీ రెండు పానాలూ పట్టుకున్నాకే వాటిని వదులు చేశాడు.

చివరికి చైన్ బ్లాకుల గొలుసులు వాటంతటవే వదులయ్యాయి. షట్టర్ బరువు స్ప్రింగుల మీదికి వచ్చింది. భీమయ్య క్లాంపులు రెండూ బలమంతా పెట్టి బిగించాడు. ఆపైన అవి వదులు కాకుండా చెక్‌నట్లు కూడా వేసి దిగాడు. దిమ్మెలు అలాగే ఉంచి, అంచు కింద అరచెయ్యి పెట్టి పైకి నెట్టాడు.

షట్టర్ లేచింది. గడగడమంటూ నడుము దాటి, భుజం దాటి, తల దాటి పైన చుట్టలోకి పోయి నిలిచింది. వీధి మొత్తం ఒక్క గొంతుతో కేక వేసింది.

ముగ్గురూ బయటికి వచ్చారు. ముఖాలు ఎర్రబారి, బట్టలు ఒంటికి అతుక్కుని ఉన్నాయి, కానీ నడిచే వచ్చారు. అమీర్ జాన్ ముగ్గురినీ ఒకేసారి కావలించుకోబోయి, చేతులు చాలక, వాళ్ళతోపాటు భీమయ్యను కూడా లాగేశాడు. త్రిమూర్తులు నిచ్చెన మీదే కూర్చుని ఈలలు వేస్తున్నాడు.

భీమయ్య అప్పుడే సంబరంలో కలవలేదు. అందరినీ పక్కకు జరిపి, షట్టర్‌ను సగానికి దించి చేతులు తీసేశాడు. అది కిందికీ పోలేదు, పైకీ పోలేదు, పెట్టినచోటే నిలబడింది. ఇంకొంచెం దించి వదిలాడు. అక్కడా నిలిచింది. అప్పుడు నవ్వాడు.

"ఖలాస్," అన్నాడు. "ఇగ రొట్టెల బండ్లు తీయుర్రి. ఆలస్యమైతది."

ఫైర్ బండి వచ్చేసరికి రొట్టెల వ్యాన్లు ఒకదాని వెనకొకటి వీధి మలుపు తిరుగుతున్నాయి. ఫైర్ ఆఫీసరు షట్టర్ కిందికి దించి, పైకి లేపి, మళ్ళీ దించి చూశాడు. ఎవరు చేశారని అరబ్బీలో అడిగితే గుంపులో అందరి వేళ్ళూ ఒకవైపే చూపించాయి. ఆఫీసరు వచ్చి చెయ్యి కలిపాడు. భీమయ్య గ్రీజు చెయ్యి తుడుచుకోబోతే తుడుచుకోనివ్వలేదు.

అజాన్ వినిపించగానే బేకరీ ముందు పరిచిన చాప మీద, బేకరీవాళ్ళతోపాటు భీమయ్య, త్రిమూర్తులు కూడా కూర్చున్నారు. అందరిలోకీ చిన్నవాడు అమీర్ జాన్ చేతిలోంచి ఖర్జూరం అందుకుని, సగం తుంచి భీమయ్య నోట్లో పెట్టాడు.

ఖోర్ ఫక్కాన్ నుంచి తిరిగొచ్చిన నూర్ మొహమ్మద్ బండి దిగగానే నేరుగా బేకరీకి పోయాడు. నిచ్చెన వేయించుకుని పైపు, క్లాంపులు, చెక్‌నట్లు అన్నీ తడిమి చూశాడు. దిగివచ్చి భీమయ్య కుడిచెయ్యి పట్టుకుని, పాత దెబ్బ మీద బొటనవేలితో నెమ్మదిగా నిమిరాడు.

"దర్ద్ హై? నొప్పి ఉందా?"

"ఉంది భాయ్. కానీ పనిల యాదికి రాలే."

మేస్త్రీ పకపకా నవ్వి అతని వీపు చరిచాడు.

మరుసటి పని నుంచి స్ప్రింగు బిగింపు భీమయ్యదే. దుబాయ్ అల్ ఖూజ్‌లో గోదాములు వరుసగా లేచిన ఆ ఏళ్ళలో లారీలు పక్కపక్కనే పట్టే షట్టర్లు ఎన్నో బిగించాడు. అతని జట్టులో ఒక్కరికీ వేలు నలగలేదు. కొత్తగా చేరినవాళ్ళకు తన మోచెయ్యి చూపించి, ఏం చేయకూడదో ముందు చెప్పేవాడు. ఆ తర్వాతే పానా చేతికిచ్చేవాడు. త్రిమూర్తులు మాత్రం వెల్డింగు పక్కనపెట్టి రెండో పానా తనకే కావాలని పట్టుబట్టి అతనితోనే తిరిగాడు.

అల్ ఖూజ్‌లో అన్నిటికంటే వెడల్పైన గోదాముకు షట్టర్ నిలబెట్టిన రోజు చూడ్డానికి పక్క షెడ్ల వాళ్ళు కూడా వచ్చారు. ఎండ ఇంకా పూర్తిగా ఎక్కలేదు. నిచ్చెన పైమెట్టు మీద నిలబడి ఆఖరి నట్టు బిగించిన భీమయ్య, పానా భుజాన వేసుకుని, కిందివాళ్ళందరికీ వినపడేలా అరిచాడు.

"యల్లా! లేపుర్రి!"