ఆకు లేని బిళ్ళ చుట్టూ వలయం

రాజమండ్రిలో ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ రెండో ఏడాదిలో నాకు ప్రాజెక్టుగా ఆకులిచ్చారు. నిమ్మజాతి చెట్ల ఆకుల సారానికి బ్యాక్టీరియాని చంపే గుణం ఉందో లేదో చూడాలి. నిమ్మ, దబ్బ, బత్తాయి, మారేడు, వెలగ, కరివేపాకు. ఈ ఆరూ ఒకే కుటుంబమని అప్పటిదాకా నాకూ తెలీదు. తునిలో పప్పుల కొట్టు నడిపే మా నాన్నకి చెబితే, "కరివేపాకు నిమ్మకి చుట్టమేంటమ్మా!" అని నవ్వారు.

ఆకులు కడిగి, హాస్టల్ మేడ మీద గదిలో నీడన ఆరబెట్టి, పొడి చేసి, మిథనాల్ అనే స్పిరిట్‌లో నానబెట్టేదాన్ని. వడగట్టాక, కాగితాలకి చిల్లులు పెట్టే పంచింగ్ మిషన్‌తో ఫిల్టర్ పేపర్ బిళ్ళలు కొట్టి, ఆ పచ్చటి రసంలో ముంచి, బ్యాక్టీరియా పూసిన ప్లేటు మీద పెట్టేదాన్ని. మర్నాటికి ప్లేటంతా తెల్లగా మీగడ కట్టినట్టు బ్యాక్టీరియా పెరిగేది. మందు పనిచేస్తే మాత్రం బిళ్ళ చుట్టూ ఏమీ పెరగక, ఖాళీగా ఒక వలయం మిగిలేది.

ఆరు ఆకులకీ వలయాలొచ్చాయి. మా గైడు సారు ప్లేటు వెలుతురుకి ఎత్తి చూసి, "బ్రహ్మాండం! మన సెమినార్లో చదివేద్దాం" అన్నారు. నేనెంత పొంగిపోయానో చెప్పలేను.

ఆ తర్వాతి వారం వెలగాకు రసం అయిపోయింది. ప్లేటులో ఒక చోటు ఖాళీగా ఉండిపోతే, ఊరికే ఒట్టి మిథనాల్లో ముంచిన బిళ్ళ పెట్టాను. మర్నాడు చూస్తే దాని చుట్టూ కూడా వలయం! మిగతావాటికి ఏం తీసిపోలేదు.

చేసిన పనంతా మొదట్నుంచీ గుర్తుచేసుకున్నాను. బిళ్ళలు ఆరనివ్వకుండా తడితడిగా పెట్టేస్తూ వచ్చాను. అంటే చంపింది ఆకు కాదు, మిథనాల్. అసలు ఇలాంటి ఒట్టి బిళ్ళ ఒకటి పోలిక కోసం మొదటిరోజు నుంచే పెట్టాలి. కంట్రోల్ అంటారు. అప్పట్లో నేనడిగితే సారే "ఎందుకు, దండగ" అన్నారు. ఈసారి బిళ్ళలన్నీ బాగా ఆరబెట్టి మళ్ళీ చేశాను. మారేడుకి సన్నటి వలయం వచ్చింది. మిగతా ఐదింటికీ ఏమీ లేదు.

ప్లేట్లు పట్టుకెళ్ళి సారుకి చూపించాను.

"ఇప్పుడెందుకు తవ్వుతున్నావ్? సెమినార్ పేపరు ప్రింటుకి వెళ్ళిపోయింది."

"తప్పు కదండీ సార్."

"ఈ ఆకులు మంచివని మన పెద్దవాళ్ళు ఎప్పుడో చెప్పారు. కాదని నువ్వు నిరూపిస్తావా? ఆ ప్లేట్లు కడిగించెయ్."

సెమినార్లో ఆయన చదువుతుంటే మూడో వరసలో కూర్చున్నాను. ఆరు ఆకులూ అద్భుతంగా పనిచేశాయట. ఆయన పేరు పక్కన నా పేరు. ప్రశ్నలున్నాయా అని కూడా అడిగారు. నేను లేవలేదు. లేవనందుకు నా మీద నాకున్న కోపం ఇవాళ్టికీ తగ్గలేదు.

రెండు రోజులకి పేపర్లో జిల్లా పేజీలో వార్త వచ్చింది. దబ్బాకు పసరుతో పుళ్ళు మానిపోతాయని సారు చెప్పినట్టు రాశారు. అక్కడా నా పేరుంది. హాస్టల్లో అందరూ చదివారు.

ఇంకో రెండు వారాలకి, మా హాస్టల్లో వంట చేసే పిన్నిగారు కుంటుతూ కనిపించారు. పాదానికి గుడ్డ చుట్టుంది.

"కాలికేంటండీ పిన్నిగారూ?"

"గిన్నె పడి చిన్న దెబ్బ తగిలిందమ్మా. పేపర్లో వేశారు కదా, దబ్బాకు నూరి కడుతున్నాను. ఆస్పత్రిలో ఇచ్చిన మాత్రలు మానేశాను. మన పిల్ల కనిపెట్టిన మందుండగా అవెందుకని."

ఆవిడకి షుగరుంది. గుడ్డ విప్పితే వాసన గుప్పుమంది. అప్పటికప్పుడు ఆటో ఎక్కించి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాను. "ఈ ఆకులు కట్టమని చెప్పిన మేధావి ఎవరు?" అని కేకలేశారు డాక్టరుగారు. పిన్నిగారు నా వైపు చూడకుండానే, "ఎవరో అన్నారండి" అన్నారు. పాదం దక్కింది గానీ చిటికెన వేలు తీసేశారు.

వేలు తీసిన మర్నాడు సారు గదికి వెళ్ళి జరిగింది చెప్పాను. "పేపర్లో సవరణ వేయించండి సార్" అన్నాను.

"ఆవిడకి షుగరుంటే నేనేం చేస్తాను?"

"మందని చెప్పింది మనమే కదండీ!"

"మనం కాదు, పేపరువాళ్ళు ఎక్కువ చేసి రాశారు" అని ముందున్న కాగితాలు తిరగేసుకోసాగారు. ఒక మనిషి వేలు పోయిందని చెబితే, ఆయన కనీసం తలెత్తలేదు.

నా ప్రాజెక్టు రికార్డులో మిథనాల్ బిళ్ళ సంగతి, రెండోసారి వచ్చిన ఫలితాలు ఉన్నవున్నట్టు రాశాను. సారు సంతకం పెట్టనన్నారు. మీ నాన్నని రమ్మను అన్నారు.

నాన్న పొద్దున్న బండికి వచ్చారు. స్టాఫ్ రూములో అందరి ముందూ సారు మొదలెట్టారు: "మీ అమ్మాయికి మొండితనం ఎక్కువండి."

నాన్న నన్నడిగారు. జరిగిందంతా చెప్పాను. నాన్న సారు వైపు తిరిగి, "మేం పప్పు తూచేటప్పుడు ఖాళీ గోనె తూకం తీసేస్తామండి. తియ్యకపోతే గోనెని పప్పు కింద అమ్మినట్టే కదండీ! మా అమ్మాయి ఆ గోనె తూకమే రాసింది. రాసినదాంట్లో తప్పుందాండి?" అన్నారు.

"తప్పని కాదండి..."

"మరి పెట్టేయండి సంతకం."

మిగతా లెక్చరర్లంతా చూస్తున్నారు. సారు పెట్టారు. ఇంటర్నల్ మార్కులు మాత్రం క్లాసులో అందరికన్నా నాకే తక్కువ వేశారు. పేపరాఫీసుకి నేనే వెళ్ళి రాసిచ్చొచ్చాను. "పాత వార్తమ్మా, ఇప్పుడెవరు చదువుతారు?" అన్నాడు అక్కడి మనిషి. వెయ్యలేదు. దబ్బాకు కట్టుకున్నవాళ్ళు ఇంకెంతమంది ఉన్నారో ఎవరికి తెలుసు?

పిన్నిగారు రెండు నెలలకి పనిలోకి వచ్చారు. నేను వంటింట్లోకి వెళ్ళి, ఆ వలయాల సంగతి మొదట్నుంచీ చెప్పాను. ఆవిడ గరిట ఆపి విన్నారు.

"అంటే పేపర్లో వేసేనాటికే ఆ సారుకి తెలుసా అమ్మా?"

"తెలుసండి. నాకూ తెలుసు."

ఆవిడ సాంబారు వైపు తిరిగిపోయారు. నేను హాస్టల్ ఖాళీ చేసేదాకా నా కంచంలో అన్నం మామూలుగానే వడ్డించారు. మాట్లాడటం మాత్రం మానేశారు.