చౌరయ్య ఫాదర్ ఏడో అధ్యాయం

నెల్లూరు తీరంలో చౌరయ్య ఫాదర్ పేరు వినని కతోలిక ఇల్లు లేదు. ఆయన మూడు రోజుల ధ్యానకూటం పెట్టారంటే చాలు, చుట్టుపక్కల పల్లెల నుంచి జనం ట్రాక్టర్ల మీద దిగేవాళ్ళు. మొదటి రోజు పాపం, రెండో రోజు పశ్చాత్తాపం, మూడో రోజు ఓదార్పు. ఆ మూడో రోజు పందిట్లో ఏడవని మనిషి కనిపిస్తే, వాడు చెవిటివాడైనా అయ్యుండాలి, అన్నం తిని కునుకైనా తీస్తుండాలి. అటువంటి మనిషి డెబ్బై రెండో ఏట, వయసు మళ్ళిన ఫాదర్లుండే ఇంట్లో మంచం మీద కూర్చుని, దేవుడు తనకు నోరెందుకిచ్చాడా అని కుమిలిపోతున్నారంటే ఎవరు నమ్ముతారు? కానీ అదే నిజం.

ఆయన పుట్టింది చిట్టమూరు దగ్గర పల్లెలో. తండ్రి వరిమళ్ళలో కూలి. సెమినరీలో చౌరయ్య చదువు అంతంతమాత్రం. వేదాంతం పరీక్ష రెండుసార్లు తప్పి మూడోసారి ఎలాగో గట్టెక్కారు. అయితే తొలిసారి ప్రసంగానికి నిలబడిన రోజున, వేదాంతం జోలికి పోకుండా, జ్వరంతో నాట్లు వేసిన తన తల్లి సంగతి చెప్పారు. గుడి గుడంతా ముక్కులు చీదింది. సిద్ధాంతం చెబితే ఆవులించే జనం మనిషి కథ చెబితే చెవులు నిక్కబొడుచుకుంటారని ఆ రోజే ఆయనకు తెలిసిపోయింది.

అప్పటి నుంచి ఒక పొడుగాటి నోటుపుస్తకం ఆయన సంచిని వదల్లేదు. అట్ట మీద 'ఉదాహరణలు' అని రాసుకున్నారు. ఎవరింట్లో ఏ కష్టం విన్నా అందులోకి ఎక్కేది. పాపసంకీర్తనంలో, అంటే గుళ్ళో ఫాదర్ చెవిన పాపాలు ఒప్పుకునేటప్పుడు, విన్నది మాత్రం ఒక్క ముక్క కూడా రాయలేదు. ఆ రహస్యం బయటపెడితే ఫాదర్ పదవే పోతుంది, ఆ భయం ఆయనకు నిండా ఉంది. కానీ గుడి వరండాలో కూర్చుని, "మనసు బాగలేదు ఫాదర్" అని చెప్పుకునేవాళ్ళ మాటలకు ఆ కట్టడి లేదు కదా అనుకున్నారు. పేరు చెప్పను, ఊరు చెప్పను, ఇంకేం? ఆడవాళ్ళ నోట్లో నువ్వుగింజ నానదంటారు గానీ, ఆ సామెత కట్టినవాడు ధ్యానాలు చెప్పే ఫాదర్లను ఎరగడు.

పదకొండేళ్ళ కిందట, అల్లూరు నుంచి సముద్రం వైపు పోయే దారిలోని పల్లె నుంచి, ఫ్లోరా అనే ఆమె ఆ వరండాలోకి వచ్చింది. ముప్పై అయిదేళ్ళుంటాయి. షెడ్డులో రొయ్యలు ఒలిచే పని. ఇంట్లో పక్షవాతంతో పడిపోయిన అత్త, నాలుగేళ్ళుగా మంచంలోనే. ముసలామెకు మాట ముద్దముద్దగా వచ్చేది. ఏం కావాలన్నా స్టీలు గ్లాసుతో మంచం పట్టె మీద కొట్టేది. ఒక రోజు ఫ్లోరా తెల్లారుజామున పనికి పోయి, మధ్యాహ్నానికి ఇంటికి చేరి, ఒళ్ళు తూలిపోతుంటే గంటసేపైనా కన్ను మూద్దామని ఆ గ్లాసు తీసి గూట్లో పెట్టింది. ఆమె మళ్ళీ మంచం దగ్గరికి వచ్చేసరికి ముసలామె పోయింది.

ఇది విన్న ఫాదర్ ఆమె తల మీద చెయ్యి పెట్టి, దేవుడు క్షమించాడమ్మా, శాంతితో వెళ్ళు అన్నారు. మాట మంచిదే. కానీ ఆమె గేటు దాటకముందే ఆయన చెయ్యి నోటుపుస్తకం కోసం వెతికింది.

తర్వాతి నెల అల్లూరు ధ్యానంలో, మూడో రోజున, ఆ కథ బయటికొచ్చింది. ఒక కోడలు, ఒక అత్త, ఒక గ్లాసు. మైకు మీద వేలితో టక్ టక్‌మని కొట్టి మరీ వినిపించారు. పందిరంతా గొల్లుమంది. ఏడవనిదల్లా మూడో వరసలో కూర్చున్న ఆనందకుమారి ఒక్కతే. ఆమె ఫ్లోరాకు ఆడబిడ్డ. కన్నతల్లి గ్లాసు చప్పుడు ఆమెకు తెలియదా? అమ్మ పోయిన రోజున మంచం పక్కన గ్లాసు ఎందుకు లేదో ఇప్పుడు తెలిసింది. పెదవి దాటితే పృథివి దాటుతుందని ఊరికే అన్నారా! సాయంత్రానికి ఊరంతా పాకింది. ఫ్లోరా భర్త మాల్యాద్రి కొట్టలేదు, తిట్టలేదు. కృష్ణపట్నం పోర్టులో డ్రైవరు పని చూసుకుని అక్కడే గది తీసుకున్నాడు. నెలకోసారి కూతుర్ని చూడడానికి వస్తాడు, భార్య చేతి నీళ్ళు మాత్రం ముట్టడు.

ఈ సంగతి గుడి పనులు చూసే ఉపదేశి ఓబులేసు వచ్చి చెవిన వేశాడు. "మీరొకసారి పోయి మాట్లాడండి ఫాదర్. మీ మాటకు మాల్యాద్రి మెత్తబడతాడు" అన్నాడు.

"నేను పేరు చెప్పలేదు కదా ఓబులేసూ!" అన్నారు ఫాదర్. మూడుసార్లు అదే మాట అన్నారు. వెళ్ళలేదు. సిగ్గుతో ముఖం చెల్లక, దానికి వివేకమని పేరు పెట్టుకున్నారు. మరుసటేడు ఓదార్పు మీద పుస్తకం రాసినప్పుడు ఆ కథనే ఏడో అధ్యాయం చేశారు. అల్లూరు తీసేసి గోదావరి ఒడ్డున పల్లె అన్నారు, స్టీలు గ్లాసును ఇత్తడి చెంబు చేశారు, దాంతో తన బాధ్యత తీరిందనుకున్నారు. చివర్లో ఆ కోడలి ముఖం శాంతితో వెలిగిందని కూడా రాశారు. ఆ ముఖాన్ని ఆయన మళ్ళీ చూస్తే కదా!

పుస్తకం ఎనిమిది ముద్రణలు పోయింది. చావు జరిగిన ఇళ్ళలో దాన్ని పంచేవాళ్ళు. మొన్న ప్రెస్సు చూసే ఫాదర్ ఫోన్ చేసి, ఏడో అధ్యాయాన్ని విడిగా చిన్న పుస్తకం వేద్దామని, అందరూ దానికోసమే అడుగుతున్నారని చెప్పాడు. పొంగిపోవలసిన మాట. చౌరయ్య ఫాదర్‌కి మాత్రం ఆ మాట రుచించలేదు. "అసలది తీసెయ్యి నాయనా" అన్నారు. అవతలాయన హాస్యమనుకుని నవ్వాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమని తెలిసీ, మర్నాడు పొద్దున్నే అల్లూరు బస్సెక్కారు. ఆయనకు కావలసింది ఒక్కటే. తాను పోయేలోపు ఫ్లోరా నోటితో, క్షమించాను అనే మాట వినాలి.

బస్సులో ఒకామె గుర్తుపట్టి కాళ్ళకు దండం పెట్టింది. "మా బిడ్డ పోయినప్పుడు మీ ఏడో అధ్యాయమే నన్ను బతికించింది ఫాదర్" అంది. ఆయన కిటికీలోంచి రొయ్యల గుంటల వైపు చూపు తిప్పుకున్నారు. ఆమె నిజమే చెబుతోంది, అబద్ధం కాదు. అందుకే ఇంకా ఎక్కువ బాధ కలిగింది.

ఫ్లోరా ఇంటి ముందు ఎండుచేపలు తిరగేస్తోంది. జుట్టు సగం నెరిసింది. ఆటో దిగిన ముసలాయనను చూసి, చేతులు కడుక్కుని, ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి నీడలో వేసింది.

"స్తోత్రం ఫాదర్. ఇంత ఎండన పడి వచ్చినారే. మంచినీళ్ళు తాగతారా? మా ఇంట్లోనే కొందరు తాగరు, అందుకని ముందే అడగతా ఉండా."

ఆయన అందుకుని చుక్క మిగల్చకుండా తాగారు. 

"తప్పు చేసినానమ్మా" అన్నారు. "నీ కష్టాన్ని నా ప్రసంగానికి వాడుకున్నా. నీ కాపురం కూల్చినా. అప్పుడే రావాల్సింది, భయపడి రాలేదు. నన్ను క్షమించు తల్లీ."

ఫ్లోరా చేపలు ఆరబోసిన చాప అంచున కూర్చుని రెండు చేపలు తిరగేసింది.

"కాపురం సంగతి వదిలేయండి. గ్లాసు తీసింది నేను, మీరు కాదు. ఆయన కోపం ఆయనది. మా అమ్మ పోయినప్పుడు ఎవరో మీ పుస్తకం తెచ్చిచ్చినారు. అది చదివినాక వచ్చింది నాకు కోపం. ఆ కోడలికి శాంతి దొరికిందని రాసినారే! యాడ దొరికింది ఫాదర్? నాకు తెలీకుండా నాకెట్టా దొరికింది?"

ఆయన ఖాళీ గ్లాసు నేల మీద పెట్టారు.

"ఆ పొద్దు నేను సగమే చెప్పినా" అంది ఫ్లోరా, గొంతు తగ్గించి. "మిగతా సగం నోటిదాకా వచ్చింది. ఇంతలో మీరు తల మీద చెయ్యిపెట్టి శాంతితో పొమ్మన్నారు. లేచి వచ్చేసినా."

 నలభై ఏళ్ళు మనుషుల గోడు విన్నవాడు చౌరయ్య ఫాదర్. అసలు బరువు ఆ రెండో సగంలోనే ఉందని ఆమె గొంతును బట్టే అర్థమైంది. ఊరూరా చెప్పి, అచ్చేసి, వేలమందిని ఏడిపించింది పైపై సంగతి. ఈమెను పదకొండేళ్ళుగా తినేస్తున్నది ఇంకా లోపలే ఉంది. అయ్యో, ఇంకొక్క నిమిషం నోరు మూసుకుని కూర్చుని ఉంటే! తనకు కావలసిన క్షమాపణ సంగతే మరిచిపోయి కుర్చీలో ముందుకు జరిగారు.

"ఇప్పుడు చెప్పమ్మా. పాపసంకీర్తనంగా చెప్పు. నాతోనే మట్టిలో కలిసిపోద్ది."

ఫ్లోరా ఆయన ముఖంలోకి చూసింది. ఆ చూపులో కోపం లేదు. ఉంటే తట్టుకునేవారేమో.

"మీకు చెప్పను ఫాదర్."

"నాకొద్దులే తల్లీ, నాకా అర్హత లేదు. వేరే ఫాదర్‌కి చెప్పుకో. ఎవరో ఒకరికి చెప్పుకో. అట్టా లోపలే పెట్టుకుని చచ్చిపోబాక."

"చెప్పుకుందామనే పోయినా. మూడు ఊళ్ళ గుళ్ళకు పోయినా" అంది ఫ్లోరా. "ఏ ఫాదర్ ముందు కూర్చున్నా, ఆయన బల్ల మీద మీ పుస్తకమే ఉండె. లేచి వచ్చేసినా."

ఆమె లేచి, కొంగు దోపుకుని, అవతలి వరస చేపల దగ్గరికి వెళ్ళింది.  తనను క్షమించిందో లేదో ఆమె చెప్పలేదు, ఆయన మళ్ళీ అడగలేదు.