తువాలు కింద రెండు వేళ్ళు

దయ్యాలున్నాయని ఎవరైనా చెబితే సరుకేదీ, చూపించు అనడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. కొట్లో పుట్టి కొట్లో పెరిగినదాన్ని. కంటితో చూడనిదానికీ చేత్తో తడమనిదానికీ నేను తలూపనని చీరాలలో మా చీరల కొట్టుకు వచ్చేవాళ్ళందరికీ తెలుసు. ఇప్పుడు చెప్పబోయే దాంట్లో నేను కంటితో చూసింది దాదాపు ఏమీ లేదు. చేత్తో తడిమింది మాత్రం ఉంది. ఇన్నేళ్ళయినా కొట్టిపారేయలేకపోతున్నది అందుకే.

మా నాన్నది పొదిలి. చుట్టుపక్కల రైతుల దగ్గర మిరపకాయలు కొని గుంటూరులో అమ్మేవాడు. ఆ రోజుల్లో పెద్ద బేరాలు నోటితో చేసేవాళ్ళు కాదు. ఇద్దరూ చేతులు కలిపి, పైన తువాలు కప్పి, లోపల వేళ్ళు పట్టుకునేవాళ్ళు. రెండు వేళ్ళు పడితే రెండు, చెయ్యంతా పడితే ఐదు. నచ్చకపోతే అరచేతిలో గోటితో ఒక గీత. నచ్చితే బొటనవేలు గట్టిగా నొక్కడం. చుట్టూ పదిమంది నిలబడి ఉన్నా లోపలేం జరుగుతోందో ఎవరికీ తెలియదు. ఒక్కటే చిక్కు. వేళ్ళు అంకె మాత్రమే చెబుతాయి. అది పదులా, వందలా అన్నది ఆ ఇద్దరికీ ముందే తెలిసి ఉండాలి.

ఆడపిల్లకు ఆ విద్యతో పనేముంది? అయినా నాన్న నాకు నేర్పాడు. మధ్యాహ్నం భోజనం చేసి కొట్లో మిరపకాయల బస్తాల మీద నడుం వాల్చిన ఆయన్ను లేపడం నా పని. లేపితే కళ్ళు తెరిచేవాడు కాదు. భుజం మీది తువాలు నా చేతి మీదికి లాగి, కింద ఐదు వేళ్ళూ పట్టేవాడు. ఇంకో ఐదు నిమిషాలని అర్థం. నేను గోటితో గీసి ఒక వేలు పట్టేదాన్ని. ఆయన నాలుగు. నేను ఒకటీ, ఇంకో సగం మడిచిన వేలూ. చివరికి రెండు దగ్గర తెగేది. ఎప్పుడూ రెండే. "దీన్ని పంపితే గుంటూరునే కొనుక్కొస్తుందిరా దేవుడా!" అని నవ్వుతూ లేచేవాడు. ఆ నవ్వు కోసమే నేను అంత గట్టిగా బేరమాడేదాన్ని.

పెళ్ళయి చీరాల వచ్చాక నాకు తీరిక దొరకలేదు. పెళ్ళిళ్ళ సీజన్ అయ్యాక వస్తాను నాన్నా, ఆషాఢం తగ్గింపులయ్యాక వస్తాను నాన్నా అని ఉత్తరాలు రాసేదాన్ని. రోజూ చీరలు అమ్మే నేను కన్నతండ్రికి మాత్రం వాయిదాలే అమ్మాను.

ఎనభైల మధ్యలో, ఒక ఎండాకాలం, నాన్న కొట్లోనే పడిపోయాడు. గుంటూరు ఆస్పత్రికి తెచ్చారు. నేను చేరేసరికి స్పృహ లేదు. కుడివైపు పూర్తిగా పడిపోయింది. డాక్టరు ఆ కుడిచెయ్యి పైకెత్తి వదిలితే తడిగుడ్డలా మంచం మీద పడింది. ఎన్నాళ్ళుంటాడో చెప్పలేమన్నారు.

తమ్ముడు భిలాయిలో ఉద్యోగం. టెలిగ్రాం వెళ్ళిన రోజున వాడు పని మీద ఇంకో ఊళ్ళో ఉన్నాడు. అది వాడి గదిలో పడి ఉండగా ఇక్కడ మేం రైళ్ళు లెక్కపెట్టుకుంటున్నాం. వాడు వచ్చేదాకా నాన్న ఉండాలి, అంతే. మా మేనత్త ఆ మాటే జపంలా అంటూ ఉండేది. నాకు మాత్రం లోలోపల ఇంకో ఆశ. ఒక్కసారి కళ్ళు తెరిచి, "ఎప్పుడొచ్చావే అమ్మాయ్?" అనాలి.

నేను వచ్చిన మూడో రోజు, మధ్యాహ్నం రెండున్నర. పొద్దున నాన్న తువాలు ఉతికి, మంచానికి అవతలివైపున్న కిటికీ ఊచల మీద ఆరేశాను. అత్త మంచానికీ కిటికీకీ మధ్య కింద చాప మీద పడుకుంది. నేను స్టూలు మీద కూర్చుని, నాన్న కుడిచేతి పక్కన నా చెయ్యి ఉంచి, మంచం అంచు మీద తల వాల్చాను.

అది నిద్ర కాదు, మెలకువా కాదు. ఫ్యాను చప్పుడు వినిపిస్తోంది. వరండాలో ఆయా బకెట్టు ఈడుస్తోంది. అత్త గురక వినిపిస్తోంది. కానీ రెప్ప ఎత్తలేను. ఒంటి మీద నిండు బస్తా పెట్టినట్టుంది. అప్పుడు నా చేతి మీద గుడ్డ పడింది. దాని కింద ఒక చెయ్యి నా ఐదు వేళ్ళూ పట్టుకుంది.

ఎంత సంతోషమో చెప్పలేను. నాన్న నన్ను గుర్తుపట్టాడు! ఆ సంతోషంలో నేనేం చేశాను? అరచేతిలో గోటితో గీశాను. ఒక వేలు పట్టాను. ఆయన నాలుగన్నాడు. కాదన్నాను. కాసేపు ఆగి మూడన్నాడు. మళ్ళీ గీశాను. చాలాసేపటికి రెండు వేళ్ళు మెత్తగా పట్టుకున్నాడు. బొటనవేలు నొక్కాను. ఆయనా నొక్కాడు.

కళ్ళు తెరిచేసరికి నాన్న ఎలా ఉన్నాడో అలాగే ఉన్నాడు. మా ఇద్దరి చేతుల మీదా తువాలు కప్పి ఉంది.

"అత్తా, ఈ తువాలు నువ్వు కప్పావా?"

"నాకేం పనే? ఇప్పుడేగా కన్ను తెరిచాను. ఆరేసింది నువ్వే, తీసుంటే నువ్వే తీసుంటావు. రెండు రోజుల్నించి కునుకు లేదు, మతి పోతోంది నీకు. పోయి కాస్త కాఫీ తాగిరా."

సాయంత్రం కుర్ర డాక్టరుకు చెప్పాను. ఓపిగ్గా విన్నాడు. బాగా నిద్ర చాలనప్పుడు ఒళ్ళు నిద్రలో ఉండగానే మనసు మేలుకుంటుందనీ, అప్పుడు కల నిజంలాగే ఒంటికి తగులుతుందనీ, చేతికి చిన్నప్పుడు అలవాటైన ఆటే ఆ కలలోకి వచ్చి ఉంటుందనీ చెప్పాడు. తువాలు కూడా నిద్రమత్తులో నేనే తెచ్చుకుని మరిచిపోయి ఉండొచ్చన్నాడు. నాకు సబబుగానే తోచింది. లేచాక కళ్ళు నులుముకుంటే కారం తగిలి మండాయి. దానికి కారణం నాకే తెలుసు. ఏళ్ళ తరబడి మిరపకాయలు మోసిన తువాలు ఎంత ఉతికినా ఘాటు వదలదు. కానీ కిటికీ దాకా వెళ్ళాలంటే అత్తను దాటి వెళ్ళాలి. ఆ ఇరుకులో ఆమెను తొక్కకుండా ఎవరూ వెళ్ళలేరు.

ఏమైతేనేం, ఆ సాయంత్రం నేను తృప్తిగా ఉన్నాను. నాన్నతో మాట్లాడినట్టే అనుకున్నాను.

రెండు రోజులు గడిచాయి. సరిగ్గా ఆ మధ్యాహ్నం వేళకే నాన్న పోయాడు.

అప్పుడు తట్టింది నాకు. వేళ్ళు అంకె మాత్రమే చెబుతాయి. నేను నిమిషాలనుకున్నాను. ఆయన దేని గురించి ఐదు అన్నాడో అడగనేలేదు.

తమ్ముడు మర్నాడు పొద్దున దిగాడు. నన్ను పట్టుకుని, "ఒక్కరోజు ఆగలేకపోయాడా అక్కా?" అని ఏడ్చాడు. "ఆయన చేతిలో ఏముందిరా," అంది అత్త. నేను జీవితంలో అంత గట్టిగా ఆడిన బేరం ఇంకొకటి లేదని వాడికి ఎలా చెప్పను? ఈ రోజు వరకూ చెప్పలేదు. ఇది చదివితే వాడికి తెలుస్తుంది.

డాక్టరు చెప్పినదే నిజమై ఉండాలి. రెండూ రెండూ కలవడం కాకతాళీయమే అయి ఉండాలి. అలాగని రాసిచ్చేస్తే నాకూ తేలికే. కానీ ఆ బొటనవేలి నొక్కు ఇంకా నా చేతిలో ఉంది.

మధ్యాహ్నాలు కొట్లో నడుం వాల్చినప్పుడు ఆ తువాలు చేతి మీద కప్పుకుంటాను. కొనేవాళ్ళు చూసి నవ్వుకుంటారు. ఈ ఇన్నేళ్ళలో రెండుసార్లు మళ్ళీ అలా అయింది. ఫ్యాను వినిపిస్తుంది, రెప్ప లేవదు, ఒంటి మీద బస్తా బరువు. రెండుసార్లూ చెయ్యి చాచి ఎదురుచూశాను. ఎవరూ పట్టుకోలేదు.

అయినా చాచే ఉంచుతున్నాను. ఈసారి ఎన్ని వేళ్ళు పట్టినా గీత గీయను. ముందు బొటనవేలు నొక్కేస్తాను.