గరిటెల వారి పురుడు

మా ఇంటిపేరు గరిటెల. నవ్వదలచినవారు నవ్వేశాక చదవవచ్చు. కరువు ఏడాది మా పూర్వీకులొకరు వెండి గరిటెతో స్వయంగా ఊరందరికీ గంజి పోశారనీ, అప్పటినుంచి ఆ పేరు నిలిచిందనీ నాన్నగారు చెప్పేవారు. గరిటెతో వంటవాణ్ణి కొట్టడం వల్ల వచ్చిందని అమ్మ అనేది. ఆమె వేరే ఇంటి నుంచి వచ్చిన మనిషి. సీమలో మా భూములు పోయాయి, మేడ పోయింది, గరిటె కూడా పోయింది. దాని పిడి మాత్రం పట్టుగుడ్డలో చుట్టి నా దగ్గర ఉంది.

నేను మాదాపూర్‌లో ఒక కంపెనీ ఉద్యోగులకు క్యాబులు పంపే పని చూసేవాణ్ణి. కాపురం నల్లగండ్ల అపార్ట్‌మెంట్‌లో. తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులవి. ఇంటిపేరు చెబితే చాలు, ఏ జిల్లా అని అడిగేవారు. ఆ ఏడు వినాయక చవితి పీటల మీద ఎవరు కూర్చోవాలన్న తగువూ అక్కడికే వచ్చింది. మా సంఘం అధ్యక్షుడిది కరీంనగర్. మూడో అంతస్తు ఆవిడది భీమవరం. ఒకరు కూర్చుంటే రెండోవారు మండపానికే రామన్నారు.

మా మేడలో పండగ పీట ఎప్పుడూ మాదే. నాన్నగారు పోయాక నాకు ఏ పీటా దక్కలేదు. అందుకని సంఘం సమావేశంలో లేచి, వెంట తెచ్చిన పిడి అందరికీ చూపించి, గేటు దగ్గరి వాచ్‌మన్‌ను పిలిపించాను. అతనిది పాలమూరు.

"నీ ఇంటిపేరేమిటో వీళ్ళకు చెప్పు."

"గరిటెల, సార్."

"చూశారా! ఈ పేరు ఎక్కడున్నా మా రక్తమే. నేను కూర్చుంటే సీమ కూర్చున్నట్టే, తెలంగాణ కూర్చున్నట్టే."

"గిది మంచిగుంది," అన్నాడు అధ్యక్షుడు.

"పోనీలెండి, వాళ్ళూ కాదు, మేమూ కాదు," అంది భీమవరం ఆవిడ.

పీట నాదైంది. వాచ్‌మన్ ఆ రోజు నుంచి నన్ను పెద్దనాయినా అనసాగాడు. అంతకుముందు నన్ను చూస్తే లేచి నిలబడేవాడు. ఇప్పుడు సొంతవాళ్ళమే కదా అని కూర్చునే చెయ్యి ఊపేవాడు.

చవితి పొద్దున పట్టుపంచె కట్టుకుని కిందికి దిగాను. వాచ్‌మన్ మిఠాయి డబ్బాతో ఎదురొచ్చాడు.

"పెద్దనాయినా, తెల్లారంగ కొడుకు పుట్టిండు!"

భీమవరం ఆవిడ పత్రి పళ్ళెం కింద పెట్టేసింది. "అయ్యో, దాయాదుల ఇంట్లో బిడ్డ పుడితే మీకూ పురుడే కదండీ! పది రోజులు పూజకు పనికిరారు."

"అంతే గద," అన్నాడు అధ్యక్షుడు. "ఒక్కటే రక్తమని మీరే అంటిరి."

మా ఆవిడ నా చెవిలో అంది: "ఊరికే అన్నానని ఒక్క మాట అనేసి వెళ్ళి కూర్చోండి."

పంతులుగారు గడియారం చూసుకుంటున్నారు. వాచ్‌మన్ తెరిచిన డబ్బా అలాగే పట్టుకుని మా మొహాలు చూస్తున్నాడు. మాకు ఇద్దరూ ఆడపిల్లలే. పెళ్ళిళ్ళయ్యాయి, ఇంటిపేర్లు మారాయి. నాకు తెలిసినంతలో నా తర్వాత గరిటెల వారని పిలిపించుకోవడానికి మిగిలింది ఇతనూ, ఆ పొద్దున పుట్టినవాడూ.

"పురుడే," అన్నాను. ఒక మిఠాయి తీసుకున్నాను.

చివరికి అధ్యక్షుడికీ భీమవరం ఆవిడకూ మండపంలో రెండు జతల పీటలు వేశారు. ఇన్నాళ్ళూ ఆ సంగతి ఒక్కరికీ తోచలేదు. నేను పట్టుపంచెతోనే గేటు దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని దూరం నుంచి దండం పెట్టుకున్నాను. పూజయ్యాక అధ్యక్షుడే నాకూ వాచ్‌మన్‌కూ పులిహోర తెచ్చాడు. వడ్డించేటప్పుడు సగం నేలపాలు చేశాడు.

"పెద్దనాయినా, ఆ పిడి మా పోరనికి ఇస్తవా?" అన్నాడు వాచ్‌మన్.

"ముందు వాణ్ణి అన్నం వడ్డించడం నేర్చుకోనీ," అన్నాను.

అతను నేల మీది పులిహోర వైపు చూసి తల ఊపాడు. గరిటె పట్టడం అందరికీ రాదని మా ఇంట్లో పుట్టినవాళ్ళకు చెప్పనక్కర్లేదు.