మూడు నిమిషాల నెత్తురు

“చేపకు భయమైందా లేదా అని చూసేటందుకు గూడ జీతమిస్తరా?”

తాండూరు దగ్గరి ఒక చెరువు కట్ట మీద, మత్స్యకారుల సంఘం పెద్ద నర్సప్ప నిరోషాను మొదటిసారి చూసి అడిగిన మాట ఇది.

“ఇస్తరు కాకా. మా అమ్మ గూడ గిదే అడిగింది,” అన్నది నిరోషా, సిరంజి తీస్తూ.

ఆమె పెద్దేముల్ ఊరి పిల్ల. తండ్రి యాకోబు కందిచేలల్లో కూలికి పోయి చదివించాడు. నీళ్లు వేడెక్కితే, గాలి అందకపోతే చేప ఒంట్లో ఏమవుతుందో హైదరాబాదులో ఆరేళ్లు గాజు తొట్ల ముందు కూర్చుని చూసి, డాక్టరేట్ తెచ్చుకుంది. ఆ తరువాత వికారాబాద్‌లోని ఒక కాలేజీలో కాంట్రాక్టు ఉద్యోగం. ఏటా మార్చిలో పొడిగించాలి. పరిశోధన ఒక తపస్సని సన్మాన సభల్లో అంటుంటారు. ఈమె తపస్సంతా షేరింగ్ ఆటోలో, ఒళ్లో ఐస్ డబ్బా పెట్టుకుని సాగింది.

పోయిన ఏడాది వానాకాలం, బండల పాలిషింగ్ యూనిట్ ఒకదాని నుంచి తెల్ల బురద నర్సప్ప వాళ్ల చెరువులోకి దిగింది. బొచ్చె, రవ్వ చేపలు చచ్చి కుప్పలుగా తేలాయి. ముప్పై కుటుంబాలు ఆరు లక్షల పరిహారం అడిగాయి. యూనిట్ యజమాని చంద్రశేఖర్ “రోగమొచ్చి సచ్చినయి” అన్నాడు. మిగిలిన చేపలను ఆ నీళ్లు బాధపెడుతున్నాయో లేదో తేల్చే పనిని అధికారుల కమిటీ నిరోషాకు అప్పగించింది.

చేప బెదిరితే నెత్తుటిలో కార్టిసోల్ అనే హార్మోను పెరుగుతుంది. దాన్ని శుభ్రమైన చెరువు చేపతో పోల్చాలి. షరతు ఒక్కటే: వలలో పడ్డ మూడు నిమిషాల్లోపు నెత్తురు తీయాలి. ఆలస్యమైతే పట్టుకున్నందుకు పుట్టిన బెదురు కూడా లెక్కలో కలిసిపోతుంది. పోలికకు పూడూరు వైపు ఒక చెరువును ఎంచుకుంది. అక్కడ వల వేసింది ఆ చెరువు జాలరి కుమారస్వామి. రెండు చెరువుల అంకెలూ ఒకటిగానే వచ్చాయి. తేడా లేదని రాసి ఇచ్చేసింది.

నెల తరువాత కుమారస్వామి వికారాబాద్ బస్టాండులో ఎదురయ్యాడు.

“మల్లెప్పుడొస్తవు బిడ్డా? ఈసారి గూడ నీకు తిప్పలు లేకుండ చేస్త. మొన్న ఎండల నిలవడతవని పొద్దుగాల్నే పట్టి డ్రమ్ముల వెట్టిన. నువ్వు రాంగనే వలల ఏసి గుంజిన.”

నిరోషా అతని చెయ్యి పట్టుకుని ఆపింది. “ఎంతసేపున్నయి డ్రమ్ముల?”

“మూడు గంటలు. ఒక్కటి గూడ సావలే!”

మంచి చెరువు చేపలు మూడు గంటలు డ్రమ్ములో హడలిపోయాయన్నమాట. తేడా ఎక్కడ కనిపిస్తుంది? సొంత రిపోర్టునే తప్పంటే మార్చిలో ఉద్యోగం ఎవరు పొడిగిస్తారు? అనకపోతే ముప్పై కుటుంబాల నోట మన్ను. మూడు రోజులు అన్నం సహించలేదు.

నాలుగో రోజు చంద్రశేఖర్ మిఠాయి డబ్బాతో ఆమె అద్దె ఇంటికి వచ్చాడు.

“నీ రిపోర్టు మస్తుగుందమ్మా. సోమవారం కమిటీ మీటింగు గదా, గదే మాట మీద ఉండు. మీ నాయిన ఒక్కడే పోతడట చేనుకు?”

“మా నాయిన ముచ్చటెందుకు సార్?”

“ఊకెనే అడిగిన. మనోళ్లే గదా.”

అతను నవ్వుతూనే పోయాడు. ఆమె తండ్రికి ఫోన్ చేసింది.

“నాయినా, సోమవారం దాక చేనుకు పోకు.”

“ఏమైంది? జరమొచ్చిందా?”

“భయమైతుంది.”

సోమవారం కమిటీ ముందు ఆమె లేచి నిలబడింది. “నా రిపోర్టు తప్పు సార్. నెత్తురు మల్ల తీస్త.”

“గిట్ల చెప్పుమని ఎవరు నేర్పిన్రు?” అన్నాడొక అధికారి, నర్సప్ప వైపు చూస్తూ.

“ఎవరు నేర్పలే. చేపలు ఎప్పుడు పట్టిన్రో నేనే అడగలే.”

పది రోజుల గడువిచ్చారు. పూడూరులో చేతి గడియారం చూసుకుంటూ ఆమే నడుము లోతు నీళ్లలోకి దిగింది. కుమారస్వామి తలెత్తకుండా వల విసిరాడు. కట్ట మీద మోటారు సైకిల్ చప్పుడైనప్పుడల్లా ఆమె వెనక్కి తిరిగి చూసింది. తాండూరు చేపల్లో కార్టిసోల్ పూడూరు చేపల్లో కంటే నాలుగు రెట్లు ఉందని తేలింది.

మార్చిలో కాలేజీ ఆమె ఉద్యోగాన్ని పొడిగించలేదు. ధైర్యవంతురాలని ఎవరైనా పొగిడితే ఆమెకు ఒళ్లు మండుతుంది. ఆ యూనిట్ ఉన్న రోడ్డున ఆమె ఈనాటికీ పోదు. ఆరు లక్షలూ కట్టాలని కమిటీ తేల్చింది. చంద్రశేఖర్ లక్షన్నర కట్టాడు. సంఘానికి ఇంకా నాలుగున్నర లక్షలు రావాలి.