యాజమాన్యం కోసం ప్రార్థించండి

మా మేస్త్రి గారు పోయారు. ఆ కబురు అందేసరికి నేను జగ్గయ్యపేటలో, ఐటీఐ గేటు ముందు, లడ్డూల పెట్టె పట్టుకుని నిలబడి ఉన్నాను.

ఆ పొద్దునే మా అమ్మాయి అక్కడ మోటారు మెకానిక్ ట్రేడుకి టీచరుగా చేరింది. నా సంతోషం ఏమని చెప్పను! వాచ్‌మన్‌కి పెట్టాను, ఎదురుగా టీకొట్టు ఆయనకి పెట్టాను, దారినపోయే ఆటో ఆపి మరీ పెట్టాను. "ఏంటి పెద్దాయనా విశేషం?" అని అతనడిగితే, "మా అమ్మాయి మేష్టారైందయ్యా! కార్లు బాగుచెయ్యడం నేర్పే మేష్టారు!" అని రోడ్డంతా వినపడేలా చెప్పాను. ఒక్క లడ్డూ మాత్రం ముందే తీసి చిన్న పెట్టెలో పెట్టి, కారు డ్యాష్‌బోర్డు మీద ఉంచాను. అది మేస్త్రి గారిది. సాయంత్రం నందిగామ వెళ్ళి నా చేత్తో ఆయన నోట్లో పెట్టాలి.

ఫోనులో ఆయన భార్య. "తమ్ముడూ, మీ మేస్త్రి గారు లేరయ్యా" అంది. నా నోట్లో ఇంకా లడ్డూ ఉంది. అది మింగలేక, కక్కలేక గేటు పట్టుకుని నిలబడిపోయాను.

ఆయన షెడ్డు నందిగామలో, చందర్లపాడు రోడ్డు మీద ఉండేది. నేను ముప్పై ఏళ్ళకు పైగా టాక్సీ తోలినవాణ్ణి. నా కారు ఆయన చేతిలో తప్ప వేరే చేతిలో పడలేదు. ఆయన ఒకే కంపెనీ కార్లు చూసేవారు. వేరే కంపెనీ బండి వచ్చి ఆగితే, "నాకా భాష రాదయ్యా, ముందుకెళ్ళు" అని పంపించేసేవారు. వయసులో ఉన్నప్పుడు ఆ కంపెనీ వాళ్ళు పిలిపించి రెండు వారాలు ట్రైనింగు ఇచ్చారట. జేబు మీద కంపెనీ గుర్తు కుట్టిన నీలం కోటు ఇచ్చారు. క్రిస్మస్‌కి అందరూ కొత్త బట్టలేసుకుంటే ఆయన ఆ కోటు ఇస్త్రీ చేయించి వేసుకొచ్చేవారు.

బానెట్ ఎత్తే ముందు దాని మీద రెండుసార్లు మెల్లగా తట్టేవారు, పశువును నిమిరినట్టు. పొడుగాటి స్క్రూడ్రైవరు ఒక కొన ఇంజను మీద, ఇంకో కొన చెవి దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకునేవారు. అప్పుడు ఎవరూ మాట్లాడకూడదు. కళ్ళు తెరిచి, "నీ బండికి రోగం లేదు, నువ్వు తోలటమే రోగం" అనేవారు నాతో. ఎన్నిసార్లు అన్నారో!

ఆ కంపెనీ బాగున్న రోజుల్లో మా సెంటర్లో ఎటు చూసినా ఆ కారే. రాయిలాంటి బండి. తర్వాత పైన పెద్దలు మారడం మొదలైంది. కొత్తగా వచ్చిన ప్రతి ఒక్కరూ ఏదో ఒకటి మార్చాలి. ఒకాయన ఇనుప బంపరు తీసేసి ప్లాస్టిక్ పెట్టించాడు. ఇంకొకాయన ముందు అద్దం ఆకారం మార్చాడు. ఒకాయన సినిమా హీరో చేత ప్రకటనలు చేయించాడు. చివరికి ఒకాయన డీజిల్ ఇంజనే తీసేస్తామన్నాడు. ఏది మార్చినా ఎడమవైపు వెనక తలుపు హ్యాండిలు మాత్రం ఎవరూ మార్చలేదు. ఆ కారు కొన్న ప్రతి ఇంట్లోనూ అది విరిగింది. మేస్త్రి గారు ఇనుప ముక్క సానబట్టి స్వయంగా హ్యాండిళ్ళు చేసి బిగించేవారు.

"ఎండీ గారిని ఒక్కసారి ఆ ఎనక సీట్లో కూచుని, తలుపు తీసుకుని దిగమను" అనేవారు. "ఆయనకి తలుపు ఇంకెవడో తీస్తాడు. హ్యాండిలు ఇరిగిందని ఆయనకెట్టా తెలిసిద్ది?"

రోడ్డుకి అవతల లారీ మెకానిక్ ఒకాయన ఉండేవాడు. టీ దగ్గర కావాలని కెలికేవాడు. "ఏం మేస్త్రీ, మీ కంపెనీ ఉందా, ఊడిందా?"

"నీ బావమరిది ఉద్యోగంలాగా ఊడేది కాదులే."

"కాదులే గానీ, ఇజీవాడలో షోరూము మూసేసారంటగా?"

మేస్త్రి గారు గ్లాసు కింద పెట్టేశారు. ఆ రోజు మిగతా టీ తాగలేదు.

మా ఇద్దరిదీ ఒకే సంఘం. ఆదివారం ఆరాధనలో పాస్టరు గారు, "ప్రార్థన మనవులేమైనా ఉన్నాయా?" అని అడుగుతారు. ఒకరికి మోకాళ్ళ నొప్పులు, ఒకరికి పిల్లాడి పరీక్షలు. చివర్న మూడో ఫ్యాను కింద బెంచీ నుంచి మేస్త్రి గారు లేచేవారు.

"కారు కంపెనీ యాజమాన్యం కోసం ప్రార్థించండి అయ్యగారూ. డీజిలు ఇంజను తీసేద్దామని చూస్తన్నారు. వాళ్ళకి మంచి బుద్ధి రావాలి."

ఆడవాళ్ళ వైపు నుంచి నవ్వులు. పాస్టరు గారు మాత్రం, "నవ్వకండమ్మా. ఆయన భారం ఆయనకుంది" అని కళ్ళజోడు నుదుటి మీదికి తోసి ప్రార్థన చేసేవారు. రానురాను అది అలవాటైపోయింది. మనవులనగానే అందరి తలలూ మూడో ఫ్యాను వైపు తిరిగేవి.

ప్రార్థనతో ఊరుకోలేదు, ఉత్తరాలు కూడా రాయించారు. ఆయన చెప్తే నేను రాసేవాణ్ణి. నేను పదో తరగతి దాకా చదివాను. మా ఇద్దరిలో నేనే పండితుణ్ణి! అంతా తెలుగులోనే రాశాం. "హెడ్డాఫీసోళ్ళకి తెలుగు రాదేమోనండీ" అన్నాను ఒకసారి. "మన దగ్గర కార్లు అమ్ముకునేటప్పుడు వచ్చిందిగా? ఇప్పుడెటు పోయింది?" అన్నారు. ఉత్తరాల్లో తిట్లుండేవి కావు. "అయ్యా, మీ మేలు కోరి రాయునది" అని మొదలుపెట్టి హ్యాండిలు సంగతి, బంపరు సంగతి, ఇంజను సంగతి వరసగా చెప్పేవారు. ఆఖర్న తన పేరు కింద "మీ కంపెనీ మేస్త్రి" అని రాయించేవారు.

అలా ఏళ్ళు గడిచాక ఒక రోజు జవాబు వచ్చింది. దళసరి కాగితం, పైన కంపెనీ గుర్తు, కింద సంతకం. అంతా ఇంగ్లీషు. షెడ్డులో పదిమంది మూగారు. "చదువు డ్రైవరూ" అని మేస్త్రి గారు కాగితం నా చేతిలో పెట్టారు.

పదిమందిలో చదవడమంటే నాకు భలే సంబరం. రాదని చెప్పడం ఆ నిమిషంలో నా వల్ల కాలేదు. "థాంక్యూ" కనపడింది. "సర్వీసు సెంటర్" కనపడింది. "న్యూ" కనపడింది. మిగతాది నా సంతోషంతో నింపేశాను. "మేస్త్రి గారూ! మీకు థాంక్స్ చెప్పారండీ! మీరు చెప్పింది విన్నారు! ఇక్కడ కొత్త సర్వీసు సెంటరు పెడతారంట!" అని అరిచాను. లారీ మెకానిక్ కూడా రోడ్డు దాటి వచ్చి ఆయన చెయ్యి పట్టుకున్నాడు. మేస్త్రి గారు కాగితం తీసుకుని చాలాసేపు దానివంకే చూశారు.

ఆ వచ్చే ఆదివారమే కృతజ్ఞత కూడిక పెట్టించాను. ఇల్లిల్లూ తిరిగి పిలిచింది నేనే. పులిహోర, కోడికూర. కారు కంపెనీ జవాబు రాసిందని కృతజ్ఞత కూడిక పెట్టుకున్న సంఘం ఇంకెక్కడైనా ఉందో లేదో! మేస్త్రి గారు నీలం కోటు వేసుకుని ముందు వరసలో కూర్చున్నారు. సాక్ష్యం చెప్పమంటే లేచి, "డ్రైవరు సంతోషంగా ఉన్నాడు. నాకది చాలు" అని కూర్చున్నారు. ఎంత వినయమో అనుకున్నాను. ఆ ఉత్తరానికి ఫ్రేము కట్టించి షెడ్డు గోడకి తగిలించాను.

ఆ నెలలోనే పరిటాల వైపు హైవే మీద ఇంకో కంపెనీ పెద్ద వర్క్‌షాపు తెరిచింది. మేనేజరు స్వయంగా షెడ్డుకి వచ్చాడు. "హెడ్ మేస్త్రిగా రండి సార్. మీరు ఒంగి పని చెయ్యక్కర్లేదు, నిలబడి చెప్తే చాలు" అన్నాడు. మేస్త్రి గారు గోడ మీది ఫ్రేము చూపించారు. "మా కంపెనీ వాళ్ళు లెటరు రాసారు బాబూ. ఏమనుకోవద్దు" అన్నారు. పక్కనే టీ తాగుతున్న నేను, "చూసారా సార్, లెటరు!" అని గర్వంగా అందుకున్నాను.

మా అమ్మాయి అప్పుడు బెజవాడలో డిప్లొమా చదువుతోంది. దానికి స్పానర్ల సైజులు చేత్తో తడిమి చెప్పడం నేర్పింది మేస్త్రి గారే. ఆడపిల్లకి షెడ్డులో ఏం పనని నలుగురూ అంటే, "నట్టుకి ఆడామగా తెలియదు" అని నోరు మూయించింది ఆయనే. అది సెలవులకి వచ్చి షెడ్డుకి వెళ్ళి ఆ ఫ్రేము ముందు నిలబడింది. తిరిగి వచ్చేటప్పుడు కారులో చెప్పింది.

"నాన్నా, ఆ కారు తయారీ ఆపేసాం అని రాసారు. మన వైపు సర్వీసు సెంటర్లన్నీ మూసేస్తన్నారంట. విడిభాగాలు ఇంక రావంట. థాంక్యూ అన్నది ఇన్నాళ్ళు మాతో ఉన్నందుకు అని."

కారు రోడ్డు పక్కన ఆపేశాను.

"ఎనక్కెళ్ళి మేస్త్రి పెదనాన్నకి చెప్దాం నాన్నా."

"ఇయ్యాల వద్దమ్మా."

ఇవాళ వద్దు, రేపు చెబుదాం అనుకుంటూ ఏళ్ళు గడిపేశాను. పరిటాలలో ఆ ఉద్యోగం ఇంకొకరికి వెళ్ళిపోయింది. షెడ్డుకి కార్లు రావడం తగ్గింది. విడిభాగాలు లేక, ఒక కారు విప్పి ఇంకో కారు బతికించేవారు. ఆ తర్వాత విప్పడానికీ కార్లు లేవు. తుక్కు కొనేవాళ్ళు వాటిని లారీలకెత్తి గరికపాడు మీదుగా హైదరాబాదు పట్టుకుపోతుంటే, మేస్త్రి గారు ఎదురెళ్ళి బానెట్ మీద రెండుసార్లు తట్టి పక్కకి తప్పుకునేవారు. దగ్గు పట్టుకుంది. మనిషి చిక్కిపోయారు. అయినా ఆదివారం వస్తే మూడో ఫ్యాను కింద లేచి, "యాజమాన్యం కోసం ప్రార్థించండి" అనేవారు. అందరితోపాటు నేనూ ఆమేన్ అనేవాణ్ణి.

పోయే ముందు వారం చూడ్డానికి వెళ్ళాను. మంచం మీద నుంచే, "అమ్మడి ఆర్డరు వచ్చిందా?" అన్నారు. వచ్చే వారం చేరుతుందని చెప్పాను. ఆ ముఖంలో వెలుగు మీరు చూడాల్సింది! "మొదటి క్లాసులో హ్యాండిలు గురించి చెప్పమను. ఇంజను ఎవడైనా నేర్పుతాడు" అన్నారు.

ఇక ఆగలేక, "మేస్త్రి గారూ, ఆ లెటరు..." అని మొదలుపెట్టాను.

"గోడ మీదే ఉందిలే, ఎక్కడికీ పోదు. టీ తాగుతావా?" అన్నారు.

తాగాను. చెప్పలేకపోయాను.

సమాధి చేసేటప్పుడు ఆయన మీద నీలం కోటే ఉంది. అందరూ వెళ్ళిపోయాక పాస్టరు గారి ముందు నిలబడి, నా తప్పంతా ఒప్పుకున్నాను. ఆయన ఆశ్చర్యపోలేదు.

"కూడికకి ముందు రోజే నా దగ్గరికి తెచ్చి చదివించుకున్నాడయ్యా. మొత్తం విన్నాడు. కూడిక ఆపేద్దామా అంటే వద్దన్నాడు. 'డ్రైవరు ఊరంతా పిలిచొచ్చాడు అయ్యగారూ, ఇప్పుడు ఆడి మాట అబద్ధమంటే తలెత్తుకోలేడు' అన్నాడు."

పక్కనే ఉన్న ఆయన భార్య కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "నాకూ తెలుసు తమ్ముడూ. నీకు తెలిసిందని మాకు తెలియదు. అంతే" అంది.

అన్నీ తెలిసే మేస్త్రి గారు పరిటాల ఉద్యోగం వద్దన్నారు. నేను నలుగురిలో నవ్వులపాలవుతాననా? లేక ఆ కోటు విప్పి ఇంకో కోటు వేసుకోలేకా? ఆయన ఉండగా నేను నోరు విప్పి ఉంటే అడిగేవాణ్ణి. ఇప్పుడు ఎవరిని అడగాలి? ఆ కంపెనీ పెద్దల మీద నాకు చాలా కోపముంది. ఆయన రాయించిన ఉత్తరాల్లో ఒక్కటైనా తెలుగు వచ్చినవాడి చేత చదివించుకుని ఉంటే ఏం పోయేది! కానీ వాళ్ళ ఉత్తరాన్ని నేనూ సరిగా చదివించలేదు. కోపం అక్కడిదాకా వెళ్ళి నా దగ్గరికే తిరిగొస్తుంది.

మా అమ్మాయి మొదటి క్లాసులో బల్ల మీద రెండు హ్యాండిళ్ళు పెట్టిందట. ఒకటి కంపెనీది, విరిగినది. రెండోది మేస్త్రి గారు చేసినది. పిల్లలు రెండూ చేతిలోకి తీసుకుని చూశారట. అది చెబుతుంటే సంతోషమూ ఏడుపూ రెండూ వచ్చాయి నాకు. బంగారు తల్లి!

మొన్న ఆదివారం ఆరాధనలో పాస్టరు గారు, "ప్రార్థన మనవులేమైనా ఉన్నాయా?" అని అడిగారు. మోకాళ్ళ నొప్పులయ్యాయి, పరీక్షలయ్యాయి. అలవాటు ప్రకారం అందరి తలలూ మూడో ఫ్యాను వైపు తిరిగాయి. ఎవరూ నవ్వలేదు. నేను లేచాను. చేతిలో చీటీ ఉంది, ఆ లెటరు సంగతి ముందు రోజే నేనే రాసుకున్నాను, తెలుగులోనే. పదిమందిలో చదవడమంటే అంత సంబరపడే నాకు ఒక్క అక్షరం బయటికి రాలేదు. పాస్టరు గారు కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, నా వైపు చూస్తూ అలాగే ఆగారు. ఖాళీ బెంచీ మీద ఫ్యాను తిరుగుతూనే ఉంది.